మూడింట రెండొంతులు సరే, మీ యూడీఎస్ ఎంత?

[తెర: కోడంబాక్కంలో మూడంతస్తుల పాత ఫ్లాట్లు. స్టిల్టు స్తంభానికి పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తున్నాయి.]

మద్రాసులో ముప్పై నలభై ఏళ్ల కిందట ఫ్లాటు కొన్న మనవాళ్ల అసోసియేషన్ మీటింగుల్లో ఇప్పుడు ఒకటే చర్చ, రీడెవలప్‌మెంట్. టి.నగర్, వడపళని, సాలిగ్రామం, ఎక్కడ విన్నా ఇదే. బిల్డరు వచ్చి "పాతది కూల్చి కొత్తది కట్టిస్తాం, మీరు పైసా పెట్టక్కర్లేదు" అంటాడు. ఇన్నాళ్లూ ఒక్క ఇంటివాళ్లు కాదంటే కథ అక్కడితో ఆగిపోయేది.

[తెర: 1994 చట్టం రద్దు, 2022 చట్టం]

తమిళనాడు అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం పాతది 1994 నాటిది. దాన్ని రద్దు చేసి 2022లో కొత్తది తెచ్చారు. 2024లో అమల్లోకి వచ్చింది. ఇకమీదట యజమానుల్లో మూడింట రెండొంతుల మంది సరేనంటే చాలు. పన్నెండు ఇళ్లుంటే ఎనిమిది, ఎనిమిదుంటే ఆరు.

రావలసిన మార్పే. స్లాబు ఊడి నెత్తిన పడేలా ఉన్నా, ఎక్కడో అమెరికాలో ఉన్న ఒక్క ఓనరు సంతకం కోసం అందరూ కాచుక్కూర్చోవడం ఏం న్యాయం? కానీ అందరూ ఈ లెక్క దగ్గరే ఆగిపోతున్నారు. చూడాల్సిన లెక్క వేరే ఉంది.

[తెర: పాత సేల్ డీడ్, "యూడీఎస్" అన్నచోట వేలు]

మీ డీడ్ తీయండి. అప్పట్లో చెన్నైలో రిజిస్టరు చేసింది భూమిలో విడదీయని వాటానే, అదే యూడీఎస్. ఇల్లు కట్టడానికి వేరే కన్‌స్ట్రక్షన్ అగ్రిమెంటు ఉండేది. (కొత్త ఫ్లాట్లకి 2023 డిసెంబరు నుంచి రెండూ కలిపిన విలువ మీదే రిజిస్ట్రేషన్.) ఇల్లు ఏటేటా పాతబడుతుంది. మీ అసలు ఆస్తి ఆ నేల.

[తెర: రెండు గ్రౌండ్ల స్థలం, బొమ్మ గీసి చూపాలి]

రెండు గ్రౌండ్లంటే 4,800 చదరపు అడుగులు. సమానమైన పన్నెండు ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం, ఒక్కొక్కరికి 400 అడుగుల నేల. స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పేది ఎఫ్‌ఎస్‌ఐ. పాత ఎఫ్‌ఎస్‌ఐ 1.5, అంటే 7,200 అడుగుల కట్టడం, ఇంటికి 600. 2019 బిల్డింగ్ రూల్సు మామూలు భవనాలకి దాన్ని 2 చేశాయి. ఇప్పుడు 9,600 అడుగులు కట్టొచ్చు. అదనంగా వచ్చిన 2,400 అడుగుల్లో బిల్డరు ఇంకో నాలుగు ఇళ్లు కట్టి అమ్ముకుంటాడు. మీకు అదే 600 అడుగుల ఇల్లు, కొత్తది, లిఫ్టుతో సహా.

ఇప్పుడు నేలని పదహారు మందికి పంచండి. మీ వాటా 400 నుంచి 300కి దిగింది. "పైసా పెట్టక్కర్లేదు" అన్నాడే, మీరు పెట్టింది ఆ వంద అడుగులు. కోడంబాక్కంలో నేల ధర మీకు నేను చెప్పాలా?

ఒప్పుకోవద్దని కాదు. బేరం ఈ వంద అడుగుల దగ్గర మొదలవ్వాలి. మార్బులా గ్రానైటా అన్నది తర్వాత చూసుకోవచ్చు. ప్రభుత్వానికి ఫీజు కట్టి అదనపు ఎఫ్‌ఎస్‌ఐ, అంటే ప్రీమియం ఎఫ్‌ఎస్‌ఐ, కొని ఇంకా పైకి కడతానంటే, ఆ అదనపు అడుగుల్లో మీ వాటా ఎంతో కూడా అడగండి.

[తెర: అగ్రిమెంటు కాగితాలు]

ఇంకొకటి. బిల్డర్ల ప్రాజెక్టుల్ని నియంత్రించే రెరా చట్టం 3వ సెక్షన్ ప్రకారం 500 చదరపు మీటర్లు దాటని స్థలానికీ, ఎనిమిదికి మించని ఫ్లాట్లకీ నమోదు మినహాయింపు ఉంది. మన రెండు గ్రౌండ్లు సుమారు 446 చదరపు మీటర్లే! అందుకని బిల్డర్ని మొదటి మీటింగులోనే అడగండి, ఈ ప్రాజెక్టుకి రెరా నంబరు తీసుకుంటారా లేదా అని. తీసుకోనంటే, కట్టినన్నాళ్లూ మీ అద్దె ఎవరు కడతారు, ఆలస్యమైతే ఎంత ఇస్తారు, మధ్యలో వదిలేసి పోకుండా బ్యాంక్ గ్యారంటీ ఎంత, అన్నీ అగ్రిమెంటులో అక్షరం అక్షరం రాయించుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం మాత్రం మీ సొంత లాయరు చదివాకే. బిల్డరు పంపిన లాయరు బిల్డరు మనిషే.