గోడను కాదు, గుండును నమ్మండి

నమస్కారమండి. పని మొదలుపెట్టే ముందు ఈ తలుపును ఒకసారి చూడండి. సగం దాకా వేసి చేయి తీసేశాను. చూస్తూ ఉండండి. అదిగో, దానంతట అదే తెరుచుకుంటోంది. నాలుగేళ్ళుగా ఇదే వరస. రాత్రి పూట ఇది కిర్రుమన్నప్పుడల్లా మా అమ్మ "ఎవరొచ్చారో చూడరా" అంటుంది. ఈ ద్వారబంధం చేసింది నేనే. బందులు మార్చాను, నూనె పోశాను, తలుపు అంచు చిత్రిక పట్టాను. తప్పు వాటిలో దేనిలోనూ లేదు. ద్వారబంధాన్ని గోడ వాలు ప్రకారం నిలబెట్టాను, అదీ సంగతి.

మాది అమలాపురం దగ్గర పల్లె. ఇళ్ళ కింద ఉన్నదంతా గోదావరి తెచ్చి పోసిన మట్టే. మా వీధిలో నల్లమట్టి పాలు ఎక్కువ. వానలకు ఉబ్బుతుంది, మే నెలలో నెర్రెలిస్తుంది. దాని మీది గోడ ఏళ్ళు గడిచేకొద్దీ ఎంతో కొంత ఒరుగుతుంది. కంటికి ఆనదు.

ఈ రోజు వెనక గదికి కొత్త ద్వారబంధం. గోడకు మేకు కొట్టి తూకం గుండు, అంటే దారానికి కట్టిన బరువు, వేలాడదీశాను. ఫ్యాను ఆపేయండి, లేకపోతే గుండు నిలవదు. పైన దారానికీ గోడకూ మధ్య 2 అంగుళాలు ఉంది. కింద, ఇక్కడ టేపు చూడండి, 2 అంగుళాల 4 నూళ్ళు. అంగుళానికి 8 నూళ్ళు కదా, అంటే 7 అడుగుల ఎత్తులో గోడ అర అంగుళం మన వైపు ఒరిగింది. పాత తలుపుకు ఈ కొలత తీసుకోవాలని తోచలేదు నాకు.

కర్ర సంగతి. టేకైతే మంచిదే, లోపలి గదికి అంత ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. ఇది మా దొడ్లో పడిపోయిన వేపచెట్టు. కోయించి, పలకల మధ్య గాలి ఆడేలా అడ్డపుల్లలు పెట్టి రెండేళ్ళు చావడిలో ఆరబెట్టాను. చేవకు, అంటే లోపలి గట్టి కర్రకు, చెద త్వరగా పట్టదు. తెల్లగా ఉండే పైకర్రను మాత్రం తీసేయాలి. కోనసీమలో ఉండి కొబ్బరి మాను వాడవేమని అడిగేవారున్నారు. దూలాలకు సరే. ఉలి పెట్టగానే పీచు లేచే కర్రలో కుసి, అంటే ఇంకో కర్ర బెజ్జంలో దూరే కొస, చెక్కడం నా వల్ల కాదండి.

ఇటుక గోడ నాలుగున్నర అంగుళాలు, రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిపితే ఐదున్నర. అందుకని కర్ర వెడల్పు 5 అంగుళాలు, మందం రెండున్నర. ద్వారబంధం బయటి కొలత 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు. తలుపు ఆనడానికి లోపలి అంచున అర అంగుళం లోతు గాడి. గడప పెట్టడం లేదు. నాన్నగారు వాకర్‌తో నడుస్తారు.

ఇప్పుడు కుసి. కర్ర మందంలో మూడో వంతు. గీత మీద కాకుండా, గీతకు ఇవతల, వృథా పోయే వైపు రంపం నడపాలి. గీత మిగలాలి. తర్వాత ఉలితో వెంట్రుక మందం చొప్పున తీస్తూ సరిచూసుకోండి. చేత్తో నెడితే జారిపోయిందా, వదులు. సుత్తి గట్టిగా కొడితేగానీ దిగలేదా, బెజ్జం పగులుతుంది. ఈ శబ్దం వినండి. టక్. ఇలా కూర్చోవాలి.

గడప లేని ద్వారబంధానికి కింద కాళ్ళు విడిపోతాయి. అందుకే అడుగున ఒక పట్టీ తాత్కాలికంగా మేకులతో బిగించాను, నడుమ ఇంకొకటి అడ్డుగా పెట్టాను. కాంక్రీటు కూరేటప్పుడు నిలువు కర్రలు లోపలికి వంగకుండా ఆపేది అదే. ఇక మూలల నుంచి మూలలకు కొలవండి. ఈ కొలతకు 7 అడుగుల 7 అంగుళాల 3 నూళ్ళు రావాలి, రెండు వైపులా ఒకటే రావాలి. నాకు ఒక వైపు 2 నూళ్ళు ఎక్కువ వచ్చింది. పొడవుగా ఉన్న మూల మీద మెల్లగా తట్టితే సరిపోయింది.

గోడను తాకే వైపంతా తారు పూశాను. కాళ్ళ చివర్లకు రెండు పూతలు, ఎందుకంటే చెమ్మ తాగేది అక్కడే. నేల తుడిచే నీళ్ళు తగలకుండా టైల్స్‌కు అర అంగుళం పైనే ఆపాను.

నిలబెట్టేటప్పుడు గుండును ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడాలి. గోడ అర అంగుళం ఒరిగింది, ద్వారబంధం గోడ కంటే అర అంగుళం తక్కువ. అంటే కింద ఈ వైపు గోడతో సమం, పైన అటు వైపు సమం. మిగిలిన సందు ప్లాస్టరింగ్‌తో నిండుతుంది. ద్వారబంధాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు, హోల్డ్‌ఫాస్టులు, ఒక్కో వైపు మూడు, కాంక్రీటు కూరాక వారం రోజులు తడపడం. ఆ వారం ఎవరినీ దానికి ఆనుకోనివ్వకండి.

ముహూర్తం చూశావా అని అమ్మ అడిగింది. సింహద్వారానికి చూస్తారు గానీ లోపలి గుమ్మానికి ఎందుకన్నాను. వినలేదు. పై అడ్డకర్రకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది, సరిగ్గా నేను పెన్సిలుతో పెట్టుకున్న నడిమి గుర్తు మీద. మళ్ళీ కొలుచుకోవలసి వచ్చింది.

తలుపు బిగించేటప్పుడు చుట్టూ సందు వదలండి. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే దూరేంత. ఇప్పుడు ఎండాకాలం. శ్రావణానికి కర్ర ఉబ్బుతుంది, ఆ సందు లేకపోతే తలుపు పట్టేస్తుంది.

ఆ వారం గడిచింది. ఇదిగో, కొత్త తలుపు సగం తెరిచి వదిలేశాను. కదలడం లేదు. పాత గుమ్మాన్ని వానలు పడేలోపు పీకుతాను. అప్పటిదాకా అమ్మ పిలిచినప్పుడల్లా లేచి, ఎవరొచ్చారో చూసి వస్తాను.