చాట ఒళ్లో పెట్టుకునే జవాబు చెప్పండి

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఇళ్లలో షోలాపూర్ దుప్పటి ఉండే ఉంటుంది. ఆ దుప్పటి నేసేవాళ్ల ఊరు, మహారాష్ట్రలోని షోలాపూర్ నాది. మా తాత కరీంనగర్ వైపు పల్లె నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లి అక్కడే ఉండిపోయాడు. తెలంగాణ జిల్లాల నుంచి అలా వెళ్లిన పద్మశాలి కుటుంబాలతోనే ఊరి తూర్పు భాగం చాలావరకు నిండింది. అశోక్ చౌక్ చుట్టుపక్కల వీధుల్లో నడిస్తే గడపల మీద కూర్చున్న ముసలమ్మల తెలుగు వినిపిస్తుంది. బజారుకు వెళ్తే మరాఠీ, పక్కింటివాళ్లతో కన్నడ, ఆటోవాలాతో దక్ఖనీ ఉర్దూ. పొద్దుగూకేలోపు ఒకే మనిషి నాలుగు భాషలూ మాట్లాడేస్తాడు. పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చాలామందికి చదవడం రాదు. నాకు ఆ బాధ ఉంది.

2011 జనాభా లెక్కల్లో షోలాపూర్ నగరం 9,51,558 మంది. అంతకుముందు పదేళ్లలో పెరిగింది తొమ్మిది శాతమే. అదే పదేళ్లలో పుణె నగరం ఇరవై శాతానికి పైగా పెరిగింది. ఈ తేడా మా వీధిలో కళ్లకు కనిపిస్తుంది. చదువు అయిపోగానే పిల్లలు పుణె బస్సెక్కుతారు. రాఖీ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం చూడటానికి వస్తారు, రెండు రోజులుండి వెళ్లిపోతారు.

ఊళ్లో మిగిలినవాళ్లలో మగవాళ్లు పవర్‌లూమ్‌కు వెళ్తే, ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని, ఆకు, తంబాకు ఉన్న చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. తునికాకు తడపాలి, కొలత రేకు పెట్టి కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. వెయ్యి బీడీలంటే ఒక మనిషికి రోజంతా పని. ఉజనీ డ్యామ్ నీళ్లు మాకు నాలుగైదు రోజులకోసారి వస్తాయి. నీళ్లొచ్చే రోజున బిందెలు, డ్రమ్ములు నింపేసరికే సగం పూట అయిపోతుంది, ఆ రోజు వెయ్యి పూర్తి కావు. మా అమ్మ చుట్టి తీసుకెళ్లిన వాటిలో కొన్ని బాగోలేవని కార్ఖానాలో పక్కన పడేసేవాళ్లు. వాటికి డబ్బులు రావు. ఆకు తక్కువ పడితే సొంత డబ్బుతో కొనుక్కోవాలి. తంబాకు పొడికి అమ్మ రాత్రంతా దగ్గేది. ఆ దగ్గు వింటూనే నేను పరీక్షలకు చదివాను.

ఇంత పని చేసే మనిషి గురించి జనాభా లెక్కలవాళ్లు వచ్చి “మీ ఆవిడ ఏం చేస్తుంది?” అని అడిగితే, మా వీధిలో మగవాళ్లు “ఏం లేదు, ఇంట్లోనే ఉంటుంది” అనేస్తారు. మా నాన్న కూడా అలాగే చెప్పాడు. అమ్మ పక్కనే చాట ముందు కూర్చుని ఉంది, ఏమీ అనలేదు.

కాగితం మీద పేరుంటే ఏమవుతుందో మా ఊరు చూసింది. ఊరి బయట కుంభారిలో కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరుతో బీడీ కార్మిక మహిళలకు పది వేల ఇళ్లు కట్టారు. బీడీ కార్మికురాలిగా గుర్తింపు ఉంది కాబట్టే ఆ ఇళ్లు వచ్చాయి. తర్వాత రేనగర్ అనే కాలనీలో 2024 జనవరిలో ఇంకో పదిహేను వేల ఇళ్లు ఇచ్చారు. వాటిలో నేతపనివాళ్లు, తోపుడుబండ్లవాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు కూడా ఉన్నారు. అద్దె గదుల్లో పుట్టి పెరిగిన ఆడవాళ్లు సొంత గడప ముందు ముగ్గు వేసుకున్నారు. ఆ రోజు నేను అక్కడ ఉండి చూశాను.

2011 తర్వాత మళ్లీ జనగణన జరగలేదు. 2027లో జరగబోతోంది. మా వీధి అక్కలకు, వదినలకు ఇప్పటినుంచే ఒక మాట చెబుతున్నాను. లెక్కలవాళ్లు వచ్చినప్పుడు చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లకండి. చాట ఒళ్లో పెట్టుకునే జవాబు చెప్పండి.