చుక్క అలిపిరి దాటదు

నమస్కారం. తెర మీద ఈ నీలి చుక్క చూడండి. ఇది తిరుపతి నుంచి తిరుమలకు యాత్రికులను తీసుకెళ్తున్న ఒక వ్యాను. ఉదయం 7:20కి అలిపిరి దగ్గర ఉంది. 7:40కి అక్కడే ఉంది. 8 గంటలకూ అక్కడే. యజమాని కంగారుపడి ఫోన్ చేస్తే డ్రైవరు, "అన్నా, కొండ మీదకు వచ్చేశాం, అందరూ దిగి గదుల దగ్గరకు వెళ్లారు కూడా" అన్నాడు. మాట పూర్తి కాకముందే చుక్క ఒక్క గెంతుతో తిరుమలలో వాలింది.

నాలుగు బండ్లున్న చిన్న ట్రావెల్స్ అది. బండ్లు ఎక్కడున్నాయో ఫోన్ల ద్వారా చూపే యాప్ రాసింది నేను. కాబట్టి చీవాట్లు కూడా నావే.

అందరూ ముందు చెప్పిన తీర్పు ఒకటే: "కొండ అడ్డం వస్తోంది." నమ్మబుద్ధి అయ్యే మాటే. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఫోనుకు చేరేసరికి వాటి సంకేతం బాగా బలహీనపడుతుంది. చోటు ఎక్కడో, ఎత్తు ఎంతో తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. ఒక పక్క శేషాచలం గోడలా నిలబడితే సగం ఆకాశం పోయినట్టే. కానీ కొండ అడ్డం వచ్చినప్పుడు చుక్క వణుకుతుంది, పక్క లోయలోకి జారుతుంది, అసలు చోటుతో తేడా ఐదు మీటర్ల నుంచి నలభైకి పెరుగుతుంది. మేకు కొట్టినట్టు ఒకేచోట నిలబడదు. పైగా నేటి ఫోన్లు ఒక్క జీపీఎస్‌నే కాదు, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాలనూ వింటాయి. కొన్ని మన దేశపు నావిక్‌నూ వింటాయి.

రెండో తీర్పు: "ఘాట్ రోడ్డులో నెట్‌వర్క్ ఉండదు." ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఉపగ్రహాన్ని వినడానికి ఫోనుకు నెట్ అక్కర్లేదు. నెట్ ఉంటే ఉపగ్రహాల వివరాలు ముందే అందుతాయి కనుక మొదటి లెక్క త్వరగా తేలుతుంది, అంతే. విన్నదాన్ని మన సర్వర్‌కు పంపడానికి మాత్రం నెట్ తప్పనిసరి. అందుకే నా యాప్‌లో ప్రతి బిందువుకూ, అంటే కొలిచిన ప్రతి చోటుకూ, రెండు సమయాలు రాయిస్తాను: ఫోను కొలిచిన సమయం, సర్వర్‌కు చేరిన సమయం. నెట్ లేనప్పుడు కొలిచినవి ఫోనులోనే దాచుకుని తర్వాత పంపుతుంది. తప్పు నెట్‌వర్క్‌దే అయితే కొండ మీదకు చేరాక ఆ బిందువులన్నీ ఒక్కసారిగా రావాలి. రాలేదు. 7:16కి ఒకటి, 8:04కి ఇంకొకటి. మధ్యలో ఖాళీ. అంటే ఫోను అసలు కొలవనే లేదు.

ఎందుకు కొలవలేదో గదిలో కూర్చుంటే తెలియలేదు. మర్నాడు ఆ వ్యానులో ముందు సీటులో కూర్చున్నాను.

అలిపిరిలో తనిఖీ కోసం బండి ఆగుతుంది కదా. సామాను దించాలి, అందరూ దిగాలి. డ్రైవరు కూడా దిగాడు. దిగుతూ స్టాండులోని ఫోను తీసి, పక్క బటను నొక్కి, జేబులో వేసుకున్నాడు. తెర ఆరిపోయింది. తిరిగి ఎక్కాక ఫోను జేబులోనే ఉండిపోయింది. రోజూ ఎక్కే కొండకు ఆయనకు మ్యాప్ ఎందుకు? పైకి చేరాక యజమాని ఫోన్ చేస్తేనే తెర వెలిగింది, యాప్ మేలుకుంది, చుక్క గెంతింది.

2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, తెర వెనక్కి పోయిన యాప్‌కు లొకేషన్ గంటకు కొన్నిసార్లు మాత్రమే అందుతుంది. బ్యాటరీ కోసం పెట్టిన నిబంధన అది, లోపం కాదు. చాలామంది దీనికి చెప్పే చిట్కా, అనుమతుల్లో 'ఎల్లప్పుడూ' ఎంచుకోమని. నాకది నచ్చదు. డ్రైవరు ఇంట్లో నిద్రపోతున్నప్పుడు కూడా అతని చిరునామా నా సర్వర్‌కు ఎందుకు? యాప్ తెరిచి ఉన్నప్పుడే డ్రైవరు 'ప్రయాణం మొదలు' నొక్కాలి, అప్పుడు పైన నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే సర్వీసును ప్రారంభించాలి. అలా చేస్తే 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్న అనుమతే సరిపోతుంది. తెర ఆరినా కొలత ఆగదు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఆ సర్వీసు లొకేషన్ కోసమేనని కోడ్‌లో ప్రకటించాలి. నేను మరచింది ఆ ఒక్క పదమే.

అది చేర్చాక మూడు బండ్లు దారిలో పడ్డాయి. నాలుగో ఫోను మాత్రం మొండికేసింది. దాని తయారీదారు సొంతంగా పెట్టిన బ్యాటరీ పొదుపు ఏర్పాటు నా సర్వీసునే చంపేస్తోంది. సెట్టింగుల్లో ఈ యాప్‌కు ఆంక్షలు తీసేస్తే లొంగింది.

నా తెలివితక్కువ ఒకటుంది, దాచను. యాభై మీటర్లు కదిలితేనే చెప్పమని కోడ్‌లో రాశాను. బండి ఆగిందో, ఫోను చచ్చిందో యజమానికి తెలిసే దారే లేకుండా పోయింది. దాన్ని మార్చి, కదిలినా కదలకపోయినా పదిహేను సెకన్లకోసారి చెప్పేలా రాశాను. చుక్క పక్కన 'ఎంతసేపటి క్రితం' అని కనిపిస్తుంది. మూడు నిమిషాలు దాటితే చుక్క బూడిద రంగుకు మారుతుంది. ఉదయం యాప్ తెరవగానే రాత్రి బండి నిలిపిన చోటు కనిపించే తంటా కూడా దీనితో తీరింది, ఎందుకంటే అది ఫోను దాచుకున్న పాత బిందువు.

ఆ సాయంత్రమే యజమాని మళ్లీ ఫోన్ చేశాడు. "బండి లోయ మీదుగా ఎగురుతోంది, చూడు!" నిజమే. దిగేది పాత ఘాట్ రోడ్డు, మలుపులు ఎక్కువ. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంలో కూడా పదిహేను సెకన్లకు నూట పాతిక మీటర్లు. ఈ బిందువుకూ ఆ బిందువుకూ మధ్య గీత గీస్తే మలుపు మొత్తం మాయం. బండిలో ఛార్జర్ ఉంది కదా అని ఐదు సెకన్లకు తగ్గించాను. గీత ఇప్పుడు రోడ్డు మీదే నడుస్తోంది, రెండు మలుపుల దగ్గర తప్ప.