నిమ్మ లేని నిమ్మవాసన

శ్రోతలకు నమస్కారం.

కళ్లు మూసుకుని ఈ ఆకు ఒక్కటి నలిపి వాసన చూస్తే ఎవరైనా నిమ్మ అనే అంటారు. కళ్లు తెరిస్తే కనిపించేది మాత్రం జానెడు ఎత్తున్న గుబురు మొక్క, గోరంత ఆకులు. నిమ్మకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది తులసి, పుదీనాల కుటుంబంలోని లెమన్ థైమ్. శాస్త్రీయ నామం థైమస్ సిట్రియోడోరస్.

కుటుంబ పోలికను చేత్తోనే పట్టుకోవచ్చు. లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పితే లీలగా నాలుగు పలకలు తగులుతాయి. ఆకులు జంటలుగా, ఎదురెదురుగా వస్తాయి. వేసవిలో పూసే లేత ఊదా పువ్వులకు రెండు పెదవులుంటాయి. పూత మీద ఉన్నప్పుడు తేనెటీగలు దాన్ని వదిలిపెట్టవు. పాశ్చాత్య వంటల్లో వాసన కోసం వేసే మామూలు థైమ్‌కూ, పెద్దాకు థైమ్‌కూ కలిగిన సంకరమని దీన్ని చాలాకాలం అనుకున్నారు. డీఎన్‌ఏ పరిశీలనల తర్వాత ఇది విడి జాతేనన్న వాదన బలపడింది.

ఇక ఆ వాసన సంగతి. నాకు ఈ మొక్కలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే. భూతద్దం పెట్టి చూస్తే ఆకు మీద సన్నని చుక్కలు కనబడతాయి. అవి నూనె తిత్తులు. వేలు తగిలి తిత్తి చిట్లితే నూనె గాలిలో కలుస్తుంది. మామూలు థైమ్ నూనెలో సాధారణంగా థైమాల్‌ది పైచేయి. వాము నలిపితే ముక్కుకు ఘాటుగా తగిలేది కూడా అదే పదార్థం. లెమన్ థైమ్‌లో ఆ ఘాటు వెనక్కి తగ్గి జెరానియాల్, సిట్రాల్ ముందుకొస్తాయి. జెరానియాల్‌ది గులాబీని గుర్తుచేసే తీపి వాసన. సిట్రాల్ నిమ్మతొక్కలోనూ ఉంది, నిమ్మగడ్డిలోనైతే నూనెలో ముప్పాతిక వంతు వరకూ అదే. ఒకదానికొకటి సంబంధం లేని మూడు మొక్కలు ఒకే పదార్థాన్ని తయారుచేసుకున్నాయన్నమాట. మనకు ఇంపుగా ఉండే ఈ నూనె మొక్కకు మాత్రం కాపలా. ఆకు తినడానికి వచ్చే పురుగులకు, బూజులకు అది గిట్టదు.

ఈ సంగతి తెలిస్తే వంటలో ఎలా వాడాలో వేరే చెప్పనక్కర్లేదు. సిట్రాల్ వేడికి, గాలికి తొందరగా పాడయ్యే పదార్థం. మామూలు థైమ్ గంటసేపు ఉడికినా తట్టుకుంటుంది. దీన్ని అలా ఉడికిస్తే నిమ్మవాసన ఆవిరితో పోతుంది. అందుకే పొయ్యి ఆపే ముందు తుంచి వేయాలి. చేపలకు, కోడిమాంసానికి, పుట్టగొడుగులకు బాగా నప్పుతుంది. వేడినీళ్లలో రెండు రెమ్మలు వేసి మూతపెట్టి ఐదు నిమిషాలాగితే మంచి తేనీరు. మూత మరవకండి, అసలు సరుకంతా ఆ ఆవిరిలోనే ఉంది. ఆకు వేరు, తీసిన నూనె వేరు. నూనె చాలా గాఢమైనది. దాన్ని నేరుగా ఒంటికి రాయకూడదు, తాగకూడదు.

పెంపకంలో దీని శత్రువు ఎండ కాదు, నీళ్లే. మట్టి తడిగా ఉండిపోతే వేరు కుళ్లుతుంది. ఇసుక కలిసిన మట్టి, రోజుకు ఆరు గంటల ఎండ, పైమట్టి ఆరాకే నీళ్లు, అంతే చాలు. పూత అయ్యాక మూడో వంతు కత్తిరించండి. ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా మాత్రం వెళ్లకండి, అక్కడినుంచి మళ్లీ చిగురించడం కష్టం. ఆకుల అంచున పసుపో తెలుపో ఉండే రకాల్లో అప్పుడప్పుడూ పూర్తి పచ్చని కొమ్మ పుడుతుంది. దాన్ని వెంటనే తీసేయాలి, బలం దానిదే కాబట్టి మిగతావాటిని కమ్మేస్తుంది.

విత్తనంతో మొలిచిన పిల్లకు తల్లి వాసన వస్తుందన్న నమ్మకం లేదు. నేలంటు కట్టడం మేలు. కింది కొమ్మనొకదాన్ని వంచి, నడుమ భాగం మట్టిలో కప్పి, పైన చిన్న రాయి పెట్టండి. కొన్ని వారాల్లో అక్కడ వేళ్లు దిగుతాయి. అప్పుడు తల్లినుంచి కోసి, కుండీలో నాటి, ఒక ఆకు నలిపి చూడండి.