అట్ట పడవ కిట్ రివ్యూ: టేప్ అదిరింది, టెంప్లేట్ మాత్రం పక్కన పెట్టేయండి

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ కంపెనీవాళ్ళు నాకు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఈ వీడియో వాళ్ళకి ముందుగా చూపించలేదు కూడా. బాక్సులో ఏమేం ఉన్నాయో మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, ఆ లిస్టు మళ్ళీ చదవను. స్కూల్ ఇంజినీరింగ్ చాలెంజ్‌లో అట్ట, టేప్ తప్ప ఇంకేం వాడకుండా పడవ కట్టి, అందులో ఒక స్టూడెంట్ కూర్చుని స్విమ్మింగ్ పూల్ ఆ చివరికి చేరాలి. దానికి ఇది పనికొస్తుందా లేదా, మనకి కావాల్సింది అదే కదా.

టేప్ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే నాకు నిజంగా నచ్చింది. ఇది క్లాత్ టేప్, వెనక గుడ్డ అల్లిక ఉంటుంది కాబట్టి చేత్తో చింపితే అడ్డంగా తిన్నగా చిరుగుతుంది. తడిచేతులతో ఉన్న పిల్లలకి కత్తెర వెతుక్కునే పని ఉండదు. ఇంతకు ముందు నేను వాడిన ఇంకో కిట్‌లో మామూలు బ్రౌన్ టేప్ ఇచ్చారు, అది వంపు దగ్గర లేచిపోయేది, ఒకసారి లేచిందంటే మళ్ళీ అంటుకునేది కాదు. ఈ గుడ్డ టేప్ వెనక ఒక మంచి కథ ఉంది. 1943లో అమెరికాలో మందుగుండు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసే వెస్టా స్టౌట్ అనే ఆవిడ, పెట్టెల మీది కాగితం టేప్ లాగితే తెగిపోతోందని, సైనికులు యుద్ధంలో ఆ పెట్టె విప్పలేక అవస్థపడతారని, నీళ్ళు దిగని గుడ్డ టేప్ వాడమని పైవాళ్ళకి చెప్పింది. వాళ్ళు పట్టించుకోకపోతే నేరుగా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కే బొమ్మ గీసి మరీ ఉత్తరం రాసింది. అందుకే ఈ టేప్ చేతిలోకి తీసుకుంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది.

అంటించేటప్పుడు రెండే విషయాలు. అట్ట మీద దుమ్ము తుడవండి, అంటించాక స్పూన్ వెనక భాగంతో గట్టిగా రుద్దండి, ఈ జిగురు ఒత్తిడితోనే పట్టుకుంటుంది. అతుకు బయటివైపు టేప్ తప్పనిసరి, ఎందుకంటే బయట నీళ్ళు దాన్ని అట్టకేసి నొక్కుతాయి. లోపల మాత్రమే వేస్తే అవే నీళ్ళు అతుకులోంచి దూరి టేప్‌ని ఊడదీస్తాయి.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించిన సంగతి. ఇదిగో, కెమెరా దగ్గరగా పెడుతున్నా, ఈ అట్ట కోసిన అంచు చూడండి. మధ్యలో ముడతలు, ముడతల మధ్య వరసగా సన్నటి గొట్టాలు. ఈ ముక్కని పావుగంట టబ్బులో నిలబెట్టి ఉంచాను. పైన కాగితం ఇంకా గట్టిగానే ఉంది, కానీ అంచు దగ్గర గోరు పెడితే పొరలు ఎలా విడిపోతున్నాయో చూశారా? ఈ పొరల్ని అతికించేది మామూలుగా గంజి జిగురు, నీళ్ళు తగిలితే మెత్తబడిపోతుంది. అంటే అట్ట పడవ మునిగేది ఎక్కువగా అడుగు చిల్లుపడి కాదండి, కోసిన అంచులోంచి నీళ్ళు దూరి అట్ట బలం పోయి. మరి కిట్ టెంప్లేట్, అంటే షీట్ ఎలా కోయాలో చూపించే నమూనా, ఏం చెయ్యమంటుందంటే, చక్కటి 180 బై 120 సెంటీమీటర్ల ఒకే షీట్‌ని ఐదు ముక్కలుగా కోసి, మళ్ళీ అన్నీ కలిపి అతికించమంటుంది! అంటే అడుగు చుట్టూ నాలుగు వైపులా కోసిన అంచులు, అన్నీ నీళ్ళలోనే. దీన్ని కప్పిపుచ్చడానికి పడవ మొత్తం టేప్‌తో చుట్టేయమని లీఫ్‌లెట్‌లో రాశారు. చాలా పోటీల్లో టేప్ అతుకుల దగ్గరే వేయాలన్న రూల్ ఉంటుంది, అలా చుడితే తనిఖీలోనే పక్కన పెట్టేస్తారు.

కోయకండి, మడవండి. ముడతలు పొడవు వైపు ఉండేలా షీట్ పరిచి, నాలుగు వైపులా 30 సెంటీమీటర్ల దగ్గర గీత గీసి, కటర్ వాడకుండా స్పూన్ కాడతో ఆ గీత నొక్కి, గోడలు పైకి లేపండి. మూలల్ని కూడా కోయొద్దు, పుస్తకానికి అట్ట వేసేటప్పుడు మడిచినట్టు త్రికోణంగా మడిచి గోడకి ఆనించి టేప్ వేయండి. ఫైవ్ ప్లై, అంటే ఐదు పొరల అట్ట, కాస్త మొండికేస్తుంది, ఐమూలగా ముందే బాగా నొక్కితే లొంగుతుంది. ఇప్పుడు కోసిన అంచులన్నీ ఎక్కడున్నాయి? పైన, నీటికి అందనంత ఎత్తులో. వాటి మీద టేప్‌ని సగం లోపలికి, సగం బయటికి మడిస్తే చాలు.

ఎంత ఎత్తులో అంటే లెక్క చూడండి. అడుగు 120 బై 60, అంటే పడవ ఒక్కో సెంటీమీటరు దిగినప్పుడల్లా 7.2 లీటర్ల నీళ్ళు పక్కకి జరుగుతాయి, అంటే 7.2 కిలోలు మోస్తుంది. 45 కిలోల స్టూడెంట్, పడవ 6 కిలోలు అనుకుంటే 51. ఏడు సెంటీమీటర్లకి కొంచెం ఎక్కువ దిగుతుంది, అంతే. ఇంకా 22 పైనే గోడ మిగులుతుంది. పడవ కట్టకముందే పిల్లల చేత ఈ లెక్క వేయించండి, పూల్ పక్కన సగం టెన్షన్ పోతుంది. మోకాళ్ళ మీద కూర్చోవాలి, నిలబడితే పడవ ఒరిగిపోతుంది.

కాగితం పడవంటే కొందరు తేలిగ్గా తీసుకుంటారు, నాకది నచ్చదు. 1874-75లో నథానియల్ బిషప్ అనే ఆయన అమెరికా తూర్పు తీరం వెంట ఫ్లోరిడా దాకా వెళ్ళింది కాగితంతో చేసిన పడవలోనే, వార్నిష్ పూసిన గట్టి కాగితం పొరలవి.

నా మాట ఏంటంటే, టేప్‌కి, షీట్‌కి వంద మార్కులు, టెంప్లేట్‌కి సున్నా. ఇలాంటి షీటు, టేపు విడిగా దొరికితే అవే కొనుక్కోండి, కిట్ అక్కర్లేదు. పెయింట్ వేయొచ్చా అని ఎలాగూ కామెంట్లలో అడుగుతారు. రూల్స్ ఒప్పుకుంటే వేయండి, కానీ పల్చటి కోటింగులు వేసి, ఒక్కోటీ పూర్తిగా ఆరాకే ఇంకోటి వేయండి, టేప్ అంటించడం అయ్యాకే పెయింట్ డబ్బా మూత తీయండి.