ఊరెళ్లే ముందు కొత్త కోరల్స్‌కు ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. కొత్త కోరల్స్, అంటే పగడపు జీవులు, ఇంట్లో ఉప్పునీటి చేపల ట్యాంకులో పెట్టి పది రోజులు కూడా కాలేదు, ఇంతలో వారం రోజులు ఊరెళ్లాల్సి వచ్చింది. "వీటికి తిండి ఎవరు పెడతారు?" అని టెన్షన్ మొదలవుతుంది కదా? ఆ దిగులు వద్దు. మనం పెంచే చాలా కోరల్స్ ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న ఆల్గే ఉంటుంది. వెలుతురు తగిలితే అదే తిండి తయారుచేసి పెడుతుంది. సన్ కోరల్ లాంటి కొన్ని రకాలకే మనం తినిపించాలి.

అసలు చూసుకోవాల్సింది నీళ్లు. ఇదిగో, సంప్ (ట్యాంకు కింద ఫిల్టర్ ఉండే గాజు తొట్టి) గాజు మీద మార్కర్‌తో గీసిన ఈ గీత చూడండి. నిన్న నీళ్లు ఇక్కడిదాకా ఉన్నాయి, ఇవాళ ఒక వేలి మందం దిగాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. సాంద్రత లెక్కలో 1.025 దగ్గర ఉండాల్సిన సాలినిటీ, అంటే నీళ్లలో ఉప్పదనం, అలా రోజూ కొంచెం పెరుగుతుంది. అందుకే గీత దాకా ఆర్వో నీళ్లు పోయాలి, ఉప్పు కలిపినవి కాదు. ట్యాంకు చూసుకునేవాళ్లకు ఈ ఒక్క మాట రెండుసార్లు చెప్పండి. తగ్గిన నీళ్లను దానంతటదే నింపే ఆటో టాపాఫ్ ఉన్నా సరే, దాని నీళ్ల డబ్బాలో వారానికి సరిపడా నీళ్లే ఉంచండి. నీటి మట్టాన్ని బట్టి ఆపే ఫ్లోట్ ఇరుక్కుంటే డబ్బాలో ఉన్నదంతా ట్యాంకులోకి పోతుంది.

ఇంకోటి, నాకు బాగా బాధ కలిగించిన విషయం. ఒకసారి కొత్త ఫ్రాగ్‌ను (పెద్ద కోరల్ నుంచి కోసిన చిన్న ముక్కను) రాయికి ఊరికే ఆనించి వెళ్లాను. నత్త తోసేసినట్టుంది, తిరిగొచ్చేసరికి ఇసుకలో బోర్లా పడి ఉంది. తీసి చూస్తే ఇసుకకు తగిలిన వైపు కండంతా ఊడిపోయి లోపలి తెల్లటి అస్థిపంజరం బయటపడింది. అప్పట్నుంచి ఏ ఫ్రాగ్‌నూ అతికించకుండా గడప దాటను. ఇలా అడుగు భాగం తుడిచి, సూపర్ గ్లూ జెల్ బఠానీ గింజంత పెట్టి, రాయి మీద అదిమి కొంచెం తిప్పండి. పట్టు వచ్చేదాకా చెయ్యి తీయకండి. హామర్, టార్చ్ అనే కోరల్ రకాలైతే పక్కదానికి జానెడు ఎడం ఇవ్వండి, రాత్రిళ్లు పొడవాటి కొసలు చాచి కుడతాయి.

వెళ్లే ముందు రోజు కోరల్స్‌ను పైకి జరపడం, లైటు పెంచడం వద్దు. ఎక్కువ వెలుతురుకు తెల్లబడితే చూసి సర్దడానికి మీరు ఉండరు.

చేపల మేత రోజుకో చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి, అసలు డబ్బా దాచేయండి. చూసుకునేవాళ్లు ప్రేమతోనే ఎక్కువ వేస్తారు, అది కుళ్లి అమోనియా పెరుగుతుంది.

రోజూ ఒక ఫొటో పంపమనండి. తీసేముందు తెల్ల లైటు వేయమని మాత్రం తప్పకుండా చెప్పండి. బ్లూ లైటులో రంగు వెలిసిపోతున్న కోరల్ కూడా మెరుస్తూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది.