ఓపీ చీటీలో లేని గడులు

(ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కొత్తగా చేరుతున్న వైద్యాధికారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీ చేతుల్లో పోస్టింగ్ ఆర్డర్లు ఉన్నాయి. కొందరికి మైదానంలో వచ్చింది, కొందరికి ఏజెన్సీలో. ఏ ఊరు, ఎంత దూరం, క్వార్టర్స్ ఉంటాయా ఉండవా అనే టెన్షన్ మీ ముఖాల్లో కనిపిస్తోంది. శ్రీకాకుళం జిల్లాలో నా మొదటి పీహెచ్‌సీకి బస్సెక్కిన రోజు నేనూ ఇలాగే ఉన్నాను. బీపీకి ఏ మాత్ర ఇవ్వాలో, ఎప్పుడు మోతాదు పెంచాలో నాకు బాగా తెలుసు. ఆ మాత్ర చేరే ఇల్లు ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈరోజు ఆ ఇంటి గురించే మాట్లాడతాను.

యాభై దాటిన ఒకావిడ ఓపీకి వచ్చేవారు. జీడిపిక్కలు కొట్టే పని. పలాస వైపు పనిచేసినవాళ్లు ఆ చేతులు చూడగానే గుర్తుపడతారు. జీడి రసం అంటి వేళ్లు నల్లబడి, చర్మం పొరలుగా లేస్తూ ఉంటుంది. మొదటిసారి బీపీ 180/110. మాత్రలు రాశాను. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. చీటీ మీద ‘మందులు సరిగా వాడటం లేదు’ అని రాసి, అందరి ముందూ కేకలేశాను. ‘రేపు పక్షవాతం వచ్చి పడిపోతే ఎవరు చూస్తారమ్మా నిన్ను?’ అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. తల వంచుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం మా ఆశా కార్యకర్త వచ్చి సంగతి చెప్పింది. మేం ఇచ్చేది పది రోజుల మాత్రలు. ఆవిడ రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. మళ్లీ మాత్రల కోసం రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఆటోకి రానూ పోనూ చేతి డబ్బులు. తరచూ నాగా పెడితే మేస్త్రీ ఇంకో మనిషిని పెట్టుకుంటాడు. అందుకని పది మాత్రల్ని ఇరవై రోజులకు సర్దుకుంటున్నారు, ఇంట్లో నూనె సర్దుకున్నట్టు.

మన చీటీలో పేరు, వయసు, ఊరు, బీపీ, మందు, ఇన్నిటికి గడులు ఉన్నాయి. ఏం పని చేస్తారు, ఇక్కడికి రావడానికి ఎంత పోగొట్టుకున్నారు, ఇంట్లో వంట ఎవరిది, రాత్రి ఏం తిన్నారు అనే వాటికి గడి లేదు. గడి లేదు కాబట్టి నేను అడగలేదు. ఆ తర్వాత చేసింది చాలా చిన్న పని. ఫార్మసిస్టుతో కూర్చుని, నిలకడగా మందు వాడాల్సిన వాళ్లందరికీ నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వడం మొదలుపెట్టాం. రెండు నెలలకు ఆవిడ బీపీ 140/90కి దిగింది. మందు అదే, మోతాదూ అదే. ఆరోజు ఆవిడను అందరి ముందూ అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

ఇది ఒక్క మన దగ్గరి సంగతి కాదు. ఇంగ్లండ్ పక్కన వేల్స్ ఉంది కదా, అక్కడ గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని కార్మికుల ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు పనిచేసేవారు. 1971లో లాన్సెట్ పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశారు. మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుంది, అవసరం తక్కువున్న చోటికే ఎక్కువ చేరుతుంది, వైద్యాన్ని మార్కెట్‌కు వదిలేస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది అన్నది అందులోని సారాంశం. ఆ వ్యాసాన్ని చాలామంది చదువుతారు. నాకు అంతకన్నా విలువైనదిగా అనిపించేది ఆయన ఊళ్లో చేసిన పని. ఓపీకి వచ్చిన వాళ్లకే కాకుండా, తన కింద ఉన్న పెద్దవాళ్లందరి బీపీ చూడాలని పెట్టుకున్నారు. రానివాళ్లు ఎవరో పేరుపేరునా రాసుకుని వెంటపడి చూశారు. పాతికేళ్ల తర్వాత లెక్క తీస్తే, అదే పేదరికం ఉన్న పక్క ఊరితో పోలిస్తే ఆ ఊళ్లో అకాల మరణాలు తక్కువ. అక్కడ పెద్ద ఆస్పత్రి కట్టలేదు. రాని వాళ్ల జాబితా ఒకటి ఉంది, ఆ జాబితాను వదలని డాక్టరు ఒకరు ఉన్నారు.

మన 104 సంచార వైద్య బండి ఊళ్లోకే వస్తుంది. మంచి ఏర్పాటు, నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ బండి పదిన్నరకు వచ్చి మూడింటికి వెళ్లిపోతే ఎవరు దొరుకుతారు? ముసలివాళ్లు, ఇంటి పట్టున ఉండేవాళ్లు. కోతల కాలంలో నలభై ఏళ్ల కూలి మనిషి ఒక్కరూ కనిపించరు. నెల చివర రిజిస్టర్‌లో సంఖ్య నిండుతుంది. బీపీ ఉండి ఎప్పుడూ చూపించుకోని మనిషి పొలంలోనే ఉంటాడు.

ఇక ఉద్దానం. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే నేను పనిచేసిన నేల అది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా ఉంటుంది. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. అలాంటి చోట ఇంటికి ఒకరు కిడ్నీ జబ్బుతో పోయిన వీధులు ఉన్నాయి. షుగర్ లేదు, ముందునుంచీ బీపీ లేదు, అయినా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే పెరిగే వ్యర్థం) పెరిగిపోతుంది. దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. తాగే నీరు, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చే పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా చాలా వాటిని చూశారు. ఇదొక్కటే కారణం అని తేలలేదు.

కారణం తేలకపోయినా, మన ఓపీ బల్ల దగ్గర కూర్చుంటే ఒకటి తెలుస్తుంది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది రైతులు, కూలీలు. ఒంటి నొప్పులకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అది విషంతో సమానం. ‘నొప్పి మాత్రలు వాడకండి’ అని మనం చెప్పేస్తాం. నేనూ వందసార్లు చెప్పి ఉంటాను. ఒకాయన నన్ను అడిగాడు: ‘డాక్టరమ్మా, మాత్ర వేసుకోకపోతే పొద్దున్నే నడుం లేవదు. నడుం లేవకపోతే పనికి పోలేను. పనికి పోకపోతే ఇంట్లో ఏం వండుతారు?’ నా దగ్గర సమాధానం లేదు. పారాసెటమాల్ ఇచ్చి, కాపడం చెప్పి, ఏ పని మానుకోగలరో ఆయనతోనే మాట్లాడి చూశాను. అంతకన్నా ఎక్కువ చేయలేకపోయాను.

ఆడవాళ్ల సంగతి ఇంకొకటి. ఎండలో పనిచేసేటప్పుడు నీళ్లు బాగా తాగమని చెబుతాం. చాలామంది తాగరు. ఎందుకని అడిగితే సిగ్గుపడి నవ్వుతారు. పనిచేసే చోట మరుగుదొడ్డి లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకోవాలి కాబట్టి దాహాన్ని ఆపుకుంటారు. మూత్రంలో మంట అని మళ్లీ మళ్లీ వచ్చే మనిషికి యాంటీబయాటిక్ మార్చి మార్చి రాసే ముందు ఈ ఒక్క మాట అడగండి.

జబ్బు ముదిరి డయాలసిస్ దాకా వస్తే వారానికి రెండు మూడు సార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు. ఒకప్పుడు శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లాల్సి వచ్చేది. రోగితో పాటు ఇంకొకరి పనీ పోయేది. బంగారం, తర్వాత పొలం, తర్వాత పిల్లల చదువు, ఈ వరసలో ఇల్లు కరిగిపోవడం చూశాను. ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం వచ్చింది. వీటి కోసం జనం ఎన్నేళ్లు అడగాల్సి వచ్చిందో అక్కడివాళ్లకు తెలుసు.

నీళ్ల పథకం మన పని కాదు కదా అనుకోవద్దు. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు కూర్చుని ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ అంటే ఏమిటో రాసుకున్నాయి. అందులో టీకాలు, మందులు ఎలా ఉన్నాయో, సరిపడా తిండి, మంచి నీరు, పారిశుద్ధ్యం కూడా అలాగే ఉన్నాయి. మన పీహెచ్‌సీ బోర్డు మీద ఉన్న ‘ప్రాథమిక’ అనే మాటకు అర్థం అది. ఊరి బోరు నీళ్లు పరీక్షకు పంపమని ఎంపీడీఓకి ఉత్తరం రాయడం మందుల ఇండెంట్ రాసినంత మామూలు పని కావాలి.

తిండి గురించి ఒక గట్టి రుజువు చెబుతాను. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో టీబీ రోగుల కుటుంబాల మీద ‘రేషన్స్’ అనే పెద్ద పరిశోధన జరిగింది. 2023లో ఫలితాలు వచ్చాయి. కొన్ని కుటుంబాల్లో ఇంట్లోవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. మిగతా కుటుంబాల్లో రోగికి మాత్రమే ఆహారం ఇచ్చారు. ఇంట్లోవాళ్లకూ తిండి అందిన చోట కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. బియ్యం, పప్పు చేసిన పని అది. నిక్షయ్ పోషణ్ కింద రోగికి ఇచ్చే సాయం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. బ్యాంకు ఖాతా లేక, ఆధార్ కలవక ఆ డబ్బు ఆగిపోయిన రోగులు మీ దగ్గర ఉంటారు. కోర్సు సగం గడిచాక డబ్బు పడితే ఆకలి ఆగుతుందా? మొదటి వారంలోనే ఖాతా సంగతి చూడండి.

రక్తహీనత గురించి రెండే మాటలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పెడుతుంది, అందుకే పారేస్తారు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి ‘భోజనం తర్వాత వేసుకో’ అని చెబుతున్నామని గుర్తుంచుకుని, ఏ పూట కడుపు నిండా తింటుందో కనుక్కుని ఆ పూటే చెప్పండి.

కులం గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. సబ్‌సెంటర్ ఊళ్లో ఎటువైపు ఉందో మీరు వెళ్లగానే చూడండి. కాలనీ నుంచి ఒక గర్భిణి అక్కడికి రావాలంటే ఎవరెవరి ఇళ్ల ముందు నుంచి నడవాలో ఆ దారిలో ఒకసారి మీరూ నడవండి. ఒక పెద్దాయన నా దగ్గరికి కొన్ని నెలలు వచ్చాక అన్నాడు: ‘మీరు చెయ్యి పట్టుకుని చూస్తారమ్మా, అందుకే ఇంత దూరం వస్తాను.’ నాడి చూడటం నా దృష్టిలో మామూలు పని. ఆయన అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగి, ఎవరి దగ్గర ఏం చూశాడో నేను అడగలేకపోయాను.

ఏజెన్సీకి వెళ్తున్నవాళ్లకు ఇంకో మాట. మైదానంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అయితే, కొండ ప్రాంతంలో 20,000 మందికి ఒకటి. లెక్క తలకాయలది. మధ్యలో వాగు పొంగితే, డోలీ మోయడానికి నలుగురు దొరక్కపోతే ఆ లెక్కలోకి రాదు. సీతంపేట కొండల్లో సవరలు మన తెలుగుకు తల ఊపుతారు. తల ఊపితే అర్థమైందని అనుకోకండి. పది సవర మాటలు నేర్చుకోండి, ‘నొప్పి ఎక్కడ’, ‘తిన్నావా’, ‘మళ్లీ రా’ లాంటివి. ఆ మాటలు నేర్చుకున్నాక నా ఓపీలో ఆడవాళ్ల సంఖ్య కళ్లముందే పెరిగింది.

‘మేడమ్, పొద్దున ఓపీకి ఎనభై మంది ఉంటారు, ఇవన్నీ ఎప్పుడు అడగాలి?’ అని మీలో ఎవరో అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇవన్నీ మీరొక్కరే అడగక్కర్లేదు. మీ ఆశాకు, ఏఎన్ఎంకు ఇప్పటికే తెలుసు. ఏ ఇంట్లో తాగుడు ఉంది, ఎవరి కోడలు తిండి మానేసింది, ఎవరు వలస వెళ్లి ఎప్పుడొస్తారు, అన్నీ తెలుసు. మనం ఆమెను నెలనెలా పిలిచి అడిగేది ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు అనే సంఖ్యలే. చాలా చోట్ల ఆశాలు మీటింగ్‌లో గోడకు ఆనుకుని నిలబడతారు. ముందు కుర్చీలు వేయించండి. తర్వాత ఒక్కొక్కరినీ ‘ఈ నెల నీకు దిగులుగా ఉన్న ఇల్లు ఏది?’ అని అడగండి. మేం అలా అడిగిన మొదటి నెలలోనే, మా రిజిస్టర్‌లో ఎక్కడా లేని ఇద్దరు టీబీ రోగులు బయటపడ్డారు. మీరు సాయం చేయాల్సిన పేదరికంలోనే ఆశా కూడా బతుకుతోంది, అదీ మరవద్దు.

కూలి రేటు మనం పెంచలేం. పొలం ఇప్పించలేం. ఒక్కోసారి చేతులు కట్టేసినట్టు ఉంటుంది, రాత్రి నిద్ర పట్టదు. ఆ బాధ మీకు కలిగితే అది మీ బలహీనత అనుకోకండి.

చేరిన మొదటి వారంలో ఒక పని చేయండి. బీపీ, షుగర్ రిజిస్టర్ తీసి, మూడు నెలలుగా మందులకు రాని పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం ఆశాకు చూపించి, ఒక్క ఇల్లు ఎంచుకోమనండి. ఆమెతో కలిసి వెళ్లండి. సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. అంతకుముందు వెళ్తే ఇంట్లో ఎవరూ ఉండరు.